నాన్న బీరువాలోని స్టాప్‌వాచ్‌లు అమ్మేయాలా?

సికింద్రాబాద్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 38. వాళ్ల నాన్నగారికి 77. సైన్యంలో యంత్రాలు, పరికరాలు బాగుచేసే ఈఎంఈ కోర్‌లో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఒకే ఒక్క సరదా పెట్టుకున్నారు, పాత మిలిటరీ స్టాప్‌వాచ్‌లు సేకరించడం. జుమ్మేరాత్ బజార్‌లో, ముంబై చోర్ బజార్‌లో, తెలిసిన వాచ్ రిపేరు వాళ్ల దగ్గర ఒక్కొక్కటే కొని, విప్పి బాగుచేసి బీరువాలో పెట్టుకున్నారు. ఇప్పుడు లెక్క 46.

నిరుటి నుంచి ఆయనకు మతిమరుపు మొదలైంది. డిమెన్షియా తొలి దశ అన్నారు డాక్టరు. పొద్దున్నే కాఫీ తాగి 46 వాచీలకూ వరసగా కీ ఇస్తారు. గంట తర్వాత ఇచ్చానో లేదో అని మళ్లీ మొదలుపెడతారు. అమ్మగారికి విసుగొచ్చేసింది, "ఆ బీరువా ఇంట్లోంచి పోతే గానీ నాకు శాంతి లేదు" అంటున్నారు. అమెరికాలోని ఎడిసన్‌లో ఉండే తమ్ముడు ఫోన్లోనే ఒక వ్యాపారిని మాట్లాడేశాడు. అన్నీ కలిపి లక్షా ఎనభై వేలు ఇస్తానంటున్నాడట, వచ్చే నెలాఖరులోగా చెప్పమన్నాడట. ఈలోగా పాత వాచీల్లో రేడియం అనే రేడియేషన్ వెదజల్లే పదార్థం ఉంటుందని ఎక్కడో చూసి తమ్ముడే అక్కకు పంపాడు. ఈవిడ కొడుక్కి అయిదేళ్లు, రోజంతా తాతయ్య దగ్గరే ఉంటాడు. పైగా "నాన్న వర్క్‌షాపు నుంచి తెచ్చినవి కూడా ఉన్నాయేమో, బయటపడితే పరువు పోతుంది" అని కూడా అన్నాడట.

ఒకరోజు ధైర్యం చేసి అమ్మేద్దామా నాన్నా అని అడిగితే, "నేను పోయాక మీ ఇష్టం" అని లోపలికి వెళ్లిపోయారట. ఆ రాత్రి అన్నం తినలేదు. వారం తర్వాత పెద్ద వాన పడిన సాయంత్రం మనవణ్ని బాల్కనీలో కూర్చోబెట్టుకుని, మెరుపు మెరవగానే ఒక బటన్, ఉరుము వినగానే ఇంకో నొక్కు నొక్కించి, "తొమ్మిది సెకన్లు, అంటే మూడు కిలోమీటర్లు" అని లెక్క చెప్పారట. ఈవిడ చివర్లో ఇలా రాశారు: "అమ్మితే నాన్నను అమ్మినట్టుంది. ఉంచితే పిల్లాడి గురించి టెన్షన్. ఆ వాచీలంటే నాకు ఇష్టమో కాదో కూడా తెలియడం లేదు. నాన్నంటే ఇష్టం."

అమ్మా, మీ ఉత్తరంలో నాలుగైదు సంగతులు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. పిల్లాడి భయం వచ్చి డబ్బు సంగతిని తొందరపెడుతోంది. డబ్బు సంగతి వచ్చి నాన్నగారి మీద అనుమానంగా మారుతోంది. విడదీసి చూస్తే వీటిలో ఈ వారమే తేల్చాల్సింది ఒక్కటే, రేడియం. కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

భయం ఉట్టిది కాదు. అలాగని 46 వాచీలకూ వర్తించదు. చీకట్లో కనిపించాలని అంకెల మీద, ముళ్ల మీద రేడియం కలిపిన రంగు పూసేవారు. 1960ల దాకా అది నడిచింది. స్టాప్‌వాచ్‌ల్లో చాలావాటికి ఆ రంగు ఉండదు. తెల్లటి డయల్ మీద నల్ల సిరాతో సన్నగా ముద్రించిన అంకెలై, ముళ్లలో కూడా రంగు నింపి లేకపోతే చాలా మటుకు దిగులక్కర్లేదు. అంకెలు కాస్త ఉబ్బెత్తుగా, మట్టి రంగులోనో, కాలిన పసుపు రంగులోనో ఉంటే, లేదా ముల్లు మధ్యలో ఎండిన జిగురులాంటిది నింపి ఉంటే, వాటిని వేరే పెట్టండి. లైటార్పి చూస్తే తెలిసిపోతుందిలే అనుకోవద్దు. వెలుగునిచ్చేది రంగులో కలిపిన జింక్ సల్ఫైడ్. అది కొన్నేళ్లకే అరిగి మెరవడం మానేస్తుంది. రేడియం మాత్రం సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. అంటే మెరవని డయల్‌లో కూడా అది ఉండొచ్చు. డయల్ మీద చిన్న సున్నాలో 'టి' అక్షరం ఉంటే మాత్రం అది రేడియం కాదు, ట్రిటియం అనే ఇంకో రేడియేషన్ పదార్థం. అది సగానికి తగ్గడానికి పన్నెండేళ్ల పైచిలుకే పడుతుంది కాబట్టి చాలా మటుకు తగ్గిపోయి ఉంటుంది.

అద్దం పగలకుండా, మూత బిగించి ఉన్న రేడియం వాచీ గదిలో ఉన్నంత మాత్రాన కొంప మునగదు. ముప్పంతా మూత తీసినప్పుడే. పొడిగా రాలే రంగు ఊపిరితో గానీ వేళ్లతో గానీ లోపలికి పోకూడదు. మీ తమ్ముడు ఉండే న్యూజెర్సీలోనే ఆరెంజ్ అనే ఊళ్లో, నూరేళ్ల కిందట పడుచు పిల్లలు ఇలాంటి డయళ్లకు రంగు వేసేవారు. కుంచె మొన సన్నగా రావాలని పెదాలతో తడుపుకునేవారు. అదే పద్ధతిలో పని చేయమని వాళ్లకు నేర్పారు. ఎందరికో దవడ ఎముకలు పుచ్చిపోయాయి, ఎందరో చనిపోయారు. వాళ్లు వేసిన కేసు 1928లో రాజీతో ముగిసింది. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ప్రమాదం ఏ దారిన వస్తుందో తెలిస్తే జాగ్రత్త ఎక్కడ పడాలో తెలుస్తుంది.

అందుకని అనుమానం ఉన్నవాటిని జిప్ కవర్లలో పెట్టి, ఎవరూ పడుకోని, గాలాడే గదిలో పెట్టండి. రేడియం నుంచి రేడాన్ అనే రేడియేషన్ ఉన్న వాయువు వస్తూ ఉంటుంది కాబట్టి మూసిన బీరువాలో ఒకచోట పోగేసి ఉంచడం మంచిది కాదు. వాటికి కీ ఇవ్వడం, మూత తీయడం, డయల్ తుడవడం ఆపేయాలి. పిల్లాడి చేతికి అసలు ఇవ్వొద్దు. తెలిసిన కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ ఉండి, అక్కడ రేడియేషన్ పసిగట్టే గైగర్ కౌంటర్ ఉంటే ఒక పూటలో అన్నీ తేలిపోతాయి. వదిలించుకోవాలనుకుంటే మాత్రం చెత్తబుట్టలో పడేయకండి. దేశంలో ఈ విషయాలు చూసేది ముంబైలోని అటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు. వాళ్లకు రాసి అడగండి.

ఈ పని ఎవరు చేయాలో కూడా చెప్తాను. మీరొక్కరే, నాన్నగారు నిద్రపోతున్నప్పుడు, దొంగతనంగా చేయొద్దు. జీవితమంతా ఇన్‌స్ట్రుమెంట్లు విప్పినాయనకు ఏ డయల్‌లో ఏముందో మీకన్నా నాకన్నా బాగా తెలుసు. "నాన్నా, బాబు చేతికి ఏవి ఇవ్వకూడదో ఏరి పెట్టు" అనండి. ఆయన ఏరి ఇస్తారు. మీరు పక్కనుండి సరిచూసుకోండి.

ఇక అసలు సంగతి. ఇప్పుడు అమ్మాలా వద్దా అని మీరు అడిగారు. నన్నడిగితే, ప్రస్తుతం చేజారిపోతున్నది వాచీలు కావు. ఏ వాచీ ఏమిటో ఆయన ఒక్కరికే తెలుసు, ఆ తెలిసినది రోజురోజుకూ జారిపోతోంది. ఉంచుకున్నా, అమ్మినా, ఎవరికైనా ఇచ్చినా, ఆ వివరం లేకపోతే అవి 46 పాత ఇనప డబ్బాలు. మా పెద్దనాన్న పోయాక ఆయన రేడియోలను పాత సామాన్ల వాడికి తూకానికి ఇచ్చేశాం. ఆయన రాసుకున్న చిన్న నోట్‌బుక్ మూణ్ణెల్ల తర్వాత దొరికింది. ఏ రేడియో ఎక్కడిది, ఎవరిది, అన్నీ ఉన్నాయి అందులో. ఇప్పటికీ దాన్ని తెరవాలంటే మనసొప్పదు నాకు. మీకింకా టైముంది.

ఒక వాచీని వెనక్కి తిప్పి చూడండి. కాకి పాదంలా మూడు గీతలు ఒకచోట కలిసిన గుర్తు ఉండొచ్చు. దాన్ని బ్రాడ్ యారో అంటారు, బ్రిటిష్ సర్కారు సొత్తు అని అర్థం. పక్కన కిరీటం, 'ఏ.ఎం.' (ఎయిర్ మినిస్ట్రీ) అని ఉండి, కింద '6బి' అని మొదలయ్యే నంబరు ఉంటే అది వైమానిక దళానిది. '6645-99' అని కనిపిస్తే అది తర్వాతి కాలంలో నాటో దేశాలు నంబర్లు వేసిన పద్ధతి. 6645 అంటే కాలం కొలిచే పరికరాల తరగతి, 99 బ్రిటన్ దేశపు సంఖ్య. ఇంత వరకూ నాలాంటి వాళ్లు కూడా చదివి చెప్పగలరు. దాన్ని ఎక్కడ కొన్నారు, లోపల ఏ చక్రం మార్చారు, డయల్ అసలుదేనా, ఎందుకు నచ్చింది, ఇవన్నీ మీ నాన్నగారు చెప్తే తప్ప ఎక్కడా దొరకవు.

ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టండి. రోజుకు రెండు వాచీలు, అరగంట, అంతకు మించొద్దు. "ఇది ఎప్పుడు కొన్నావు?" అని అడగొద్దు. తేదీలు, పేర్లు ముందుగా జారిపోతాయి. ఆయన తడబడితే చిన్నబుచ్చుకుంటారు. "ఇది ఎలా పనిచేస్తుందో చూపించు" అనండి. చేతులు నేర్చుకున్న పని చాలాకాలం ఉంటుంది, చేతుల వెంట మాటలొస్తాయి. ఆయన చెప్తుంటే మీరు ఒక అట్టముక్క మీద నంబరు, గుర్తు, రెండు వాక్యాలు రాసి వాచీతో పాటు కవర్లో పెట్టండి.

మీ ఉత్తరంలో "పదిసెకన్ల వాచీ, బాబు దాన్ని తేనెటీగ అంటాడు" అని ఒక మాట రాసి వదిలేశారు. అది చదవగానే నాకు ఆగాలనిపించింది. నల్ల డయల్ ఉండి, ముల్లు పది సెకన్లకే ఒక చుట్టు తిరిగేదైతే, అది అమెరికన్ విమానాల్లో వాడిన ఏ-8 రకం కావచ్చు. ఎల్జిన్ కంపెనీ చేసినదాన్ని సేకరించేవాళ్లు ముద్దుగా 'జిట్టర్‌బగ్' అంటారు, అదొక డ్యాన్సు పేరు. మామూలు వాచీలా టిక్ టిక్ అనదు, జుయ్ మంటుంది. నేల మీద గుర్తుపెట్టుకున్న రెండు చోట్ల మధ్య విమానం ఎంతసేపట్లో దాటిందో చూసి వేగం లెక్కగట్టేవారు దాంతో. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ దళాలు అస్సాంలో, బెంగాల్లో ఉన్నాయి కాబట్టి ఇక్కడి బజార్లలోకి రావడం వింతేమీ కాదు. అది అదేనా కాదా, ఎక్కడ దొరికింది, నాన్నగారినే అడగండి. మొదటి అట్టముక్క దానిదే కానివ్వండి.

ఉరుము లెక్క కూడా సరదాకి చెప్పింది కాదు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది, మూడు సెకన్లకు కిలోమీటరు. దూరంగా ఫిరంగి పేలిన మెరుపు కనబడగానే బటన్ నొక్కి, చప్పుడు వినగానే ఆపితే అదెంత దూరంలో ఉందో డయలే చెప్పేస్తుంది. కొన్నిటి మీద సెకన్ల బదులు కిలోమీటర్లే రాసి ఉంటాయి. నౌకల మీదైతే దీపస్తంభం ఎన్ని సెకన్లకోసారి వెలుగుతోందో స్టాప్‌వాచ్‌తో చూసి అది ఏ ఊరి లైట్‌హౌసో పోల్చుకునేవారు. ఆ సాయంత్రం బాల్కనీలో మీ అబ్బాయి నేర్చుకున్నది ఒక సైనికుడి పని. తాతయ్య చేతి కింద నేర్చుకున్నాడు.

పొద్దున్నే జరిగే కీ గొడవకు నాకు తోచిన ఉపాయం ఒకటుంది. 46 బయట ఉంటే ఆయన 46 సార్లు తడబడతారు. ఒక స్టీలు పళ్లెంలో మెత్తటి గుడ్డ పరిచి, రేడియం లేనివి నాలుగు పెట్టి ఇవ్వండి. వారానికోసారి ఆ నాలుగూ మార్చండి. కీ అయ్యాక ఒక్కొక్కదాన్ని నడిపించి స్ప్రింగు పూర్తిగా వదిలేదాకా ఉండనివ్వాలి. స్టాప్‌వాచ్‌ని బిగించి దాచకూడదని ఆయనే చెప్తారు. ఆ నడిచే సేపు ఆయనకు పని ఉంటుంది. అయిపోయిందో లేదో ముల్లే చెప్తుంది కాబట్టి గుర్తుపెట్టుకునే బాధ తప్పుతుంది. అమ్మగారిని కోపిష్టి అని అనుకోకండి. రోజంతా ఆయనతో ఉండేది ఆవిడే. ఆవిడకు బీరువా మీద కాదు, మాటిమాటికీ అదే జరగడం మీద విసుగు. మధ్యాహ్నం రెండు గంటలైనా ఆవిడకు సెలవు దొరికేట్టు చూడండి. ఆ మాట మీ తమ్ముడితో కూడా అనండి. దూరం నుంచి ఒక మనిషిని పెట్టించడానికి డబ్బు పంపడం అతను చేయగలిగిన పనే.

ఇప్పుడు వాచీల సంగతి. మీ ముందు నాలుగు దారులున్నాయి.

వ్యాపారి చెప్పిన మొత్తం తీసుకుని అన్నీ ఇచ్చేయొచ్చు. త్వరగా తేలిపోతుంది, ఇంట్లో చోటు మిగులుతుంది, తమ్ముడు సంతోషిస్తాడు. అయితే రేపు పొద్దున్న కాఫీ తాగి నాన్నగారు బీరువా తెరుస్తారు. అమ్మేశామని చెప్పినా గుర్తుండదు, రోజూ మళ్లీ కొత్తగా పోగొట్టుకుంటారు. ఆ పొద్దుటిపూటల్ని ఎవరు మోస్తారో ముందే ఆలోచించుకోండి. డబ్బు కోణంలో చూసినా, మూటకట్టి ధర చెప్పేవాడు అందులో బాగా పలికే అయిదారింటిని చూసే చెప్తాడు, మిగతావి ఉచితంగా వచ్చినట్టే లెక్క వేసుకుంటాడు. గడువు పెట్టాడంటే ఆ తొందర వ్యాపారిది. అరవై డెబ్బై ఏళ్లు ఉన్న వస్తువు ఇంకో ఆర్నెల్లలో పాడైపోదు.

రెండోది, నాన్నగారితో కూర్చుని ఉంచేవి, పంపేవి అని వేరుచేయడం. డాక్టరు తొలి దశ అన్నారు కదా, ఆయన తన ఇష్టం తాను చెప్పగల స్థితిలోనే ఉన్నట్టున్నారు. "నేను పోయాక మీ ఇష్టం" అన్నది విరక్తితో అన్న మాట, అనుమతి కాదు. "ఇది ఎవరికి ఇవ్వాలి నాన్నా?" అని ఒక్కొక్కటిగా అడిగితే జవాబు వేరుగా వస్తుంది. కొన్ని తన కింద పనిచేసిన వాళ్లకు ఇమ్మంటారేమో. కొన్నిటిని అమ్మి మనవడి చదువుకు వేయమంటారేమో. ఈ దారి నెమ్మదిగా నడుస్తుంది, మధ్యలో ఆయన మాట మార్చినా మీరు ఓర్చుకోవాలి. ఆయన చెప్పినది కాగితం మీద పెట్టాలనుకుంటే, డాక్టరు నుంచి ఆయనకు తెలివిగా నిర్ణయించే శక్తి ఉందని రాయించుకుని, ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామాలో చేర్చడం మంచిది. అది ఆలస్యం చేయకూడని పని.

మూడోది, ఆయన ఉన్నన్నాళ్లూ కదపకుండా ఉంచి, తర్వాత చూసుకోవడం. మీ మనసు ఇటే మొగ్గుతోందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. తప్పు లేదు. అట్టముక్కలు రాయకుండా మాత్రం ఈ దారి పట్టకండి. తర్వాత అన్నది వచ్చేసరికి అడగడానికి ఎవరూ ఉండరు, అప్పుడు ఇప్పటికన్నా ఎక్కువ తొందరలో అమ్ముతారు.

నాలుగోది మ్యూజియం. వినడానికి గౌరవంగా ఉంటుంది. వస్తువు చరిత్ర చెప్పలేనిదాన్ని వాళ్లు తీసుకున్నా లోపలి గదిలో పెట్టేస్తారు. మంచి కథ ఉన్న రెండు మూడింటికి సరిపోయే దారి ఇది.

నా మొగ్గు రెండోదాని వైపు. మీ ఇంట్లో ఉండేది మీరు కాబట్టి, మీ ఓపిక, అమ్మగారి ఓపిక చూసుకుని తేల్చుకోండి.

ఎప్పుడు అమ్మినా ఒకటి గుర్తుంచుకోండి. అమ్మకానికి పెట్టినవాళ్లు అడిగే ధర చూడకండి, నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. డయల్ అసలుదేనా, వెనక గుర్తులు డయల్‌కు సరిపోతున్నాయా, బటన్ నొక్కితే ముల్లు కచ్చితంగా సున్నా మీదికే వస్తోందా, వీటిని బట్టే ధర. మన దేశం నుంచి వచ్చే పాత వాచీల డయళ్లకు కొత్తగా రంగేసి అమ్మడం ఎక్కువ కావడంతో, బయటి దేశాల్లో కొనేవాళ్లు మనవంటే అనుమానంగా చూస్తారు. దయచేసి ఒక్కదానికీ పాలిష్ పెట్టించకండి. తమ్ముడు అమెరికా తీసుకెళ్లి అమ్ముదామంటే, 1972 నాటి పురావస్తువుల చట్టం సంగతి చెప్పండి. నూరేళ్లు దాటి, పురావస్తువు కిందికి వచ్చేదాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. రెండో ప్రపంచ యుద్ధం నాటివి ఇంకా నూరేళ్లకు చేరలేదు, మొదటి యుద్ధం నాటివి దాటేశాయి. అలాంటిది ఉందనిపిస్తే ముందే ఆర్కియాలజికల్ సర్వే వాళ్లకు చూపించి, పురావస్తువు కాదని సర్టిఫికెట్ వస్తుందేమో కనుక్కోవాలి.

చివరగా ఆ వర్క్‌షాపు మాట. మీ ఉత్తరంలో అన్నిటికన్నా మిమ్మల్ని గుచ్చింది అదే అనిపించింది, ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. బాణం గుర్తు ఉన్నంత మాత్రాన దొంగ సొత్తు కాదు. పనికిరాని సామాను సైన్యాలు వేలం వేస్తాయి, అలాగే బజార్లకు చేరుతుంది. సర్కారు వదిలేసిందని తెలిపేందుకు రెండు బాణాలు ముక్కుకు ముక్కు తగిలేట్టు కొట్టే పద్ధతి కూడా ఉండేది. ఆ గుర్తు మీవాటి మీద లేకపోయినా దాన్నిబట్టి నేరం అనుకోలేం. మీరు రాసిన దాన్నిబట్టి ఆయన సేకరించడం మొదలుపెట్టిందే రిటైరయ్యాక. తండ్రి మీద అంత మాట అనుమానంగా అనే ముందు తమ్ముడు ఆ లెక్కయినా చూసుకోవాల్సింది. "నాన్న చెప్పినవి రికార్డు చేస్తున్నాను, నువ్వూ వీడియోకాల్‌లో కూర్చో" అని పిలవండి. ఎడిసన్‌లో రాత్రయినా సరే, ఆదివారం ఒక అరగంట కూర్చోమనండి. ఒకవేళ ఏ ఒక్కటైనా అక్కడిదేనని ఆయన నోటితోనే వస్తే, దాన్ని అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి. ఒక లాయరుతో మాట్లాడి ఎలా తిరిగి అప్పగించాలో కనుక్కోండి. అప్పుడు కూడా ఆయన్ని నిలదీయొద్దు.

వ్యాపారికి ఈరోజే ఫోన్ చేసి, ఈ ఏడాది అమ్మడం లేదని చెప్పేయండి. వానాకాలం వెళ్లిపోకముందే ఆ ఉరుము లెక్క ఇంకోసారి చెప్పించి, మనవడి గొంతుతో సహా రికార్డు చేయండి.